నీటిలో ఎర్రదారం తెగిన వేళ

పగ పెట్టుకుంటే కడుపులో పుండు పడుతుందని మా అవ్వ ఎప్పుడూ అంటుంది. అవ్వకేం, ఎన్నయినా అంటుంది. ఆమె వండిన కూర మీద ఎవరూ తమ పేరు రాసుకోలేదు. నా ఆలోచన మీద వేణుమాధవ్ తన పేరు రాసుకున్నాడు. రాసుకుని పదేళ్లపాటు ఊరేగాడు.

నేను సంధ్యారాణిని. గోదావరిఖనిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. వేణు, నేను ఒకే కాలనీలో పుట్టాం. ఇద్దరి నాయనలూ బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లే. చదువులయ్యాక ఇద్దరం ఇదే కాలేజీలో లెక్చరర్లుగా చేరాం. గాజుగొట్టంలో నీళ్లు పారించి చూసే పిచ్చి కూడా ఇద్దరికీ ఇక్కడే పట్టింది.

నల్లా కొంచెం తిప్పి చూడండి. నీళ్లు గాజు పుల్లలా నున్నగా దిగుతాయి. ఇంకొంచెం తిప్పితే ఉన్నట్టుండి గలాటా మొదలవుతుంది. అగరుబత్తి పొగ కూడా అంతే, జానెడు దూరం బుద్ధిగా లేచి ఆ తరువాత జుట్టు విరబోసుకుంటుంది. ఆ బుద్ధి ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది? పెద్ద పెద్ద వాళ్లు నూరేళ్లకు పైగా తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న ఇది. నున్నటి తిన్నటి గొట్టంలో పోయే నీళ్లకు బయటి నుంచి ఏ కదలికా తగలకపోతే, ఎంత వేగం పెంచినా అవి బుద్ధిగానే పోవాలని లెక్కలు చెబుతాయి. నిజం గొట్టంలో మాత్రం ఎప్పుడో ఒకప్పుడు చెదిరిపోతాయి. మరి చెదరగొట్టింది ఎవరు?

బయటివాళ్లు కాకపోతే లోపలివాళ్లే అని నాకు తట్టింది. నీటి అణువులు ఊరికే ఉండవు. షిఫ్టు వదిలాక గేటు దగ్గర జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉంటాయి. ఆ తోపులాటలో పుట్టిన ఒక చిన్న తొట్రుపాటు పెరిగి పెరిగి మొత్తం ప్రవాహాన్నే తిప్పేస్తుందేమో! ఇంకా లోతుకు పోతే క్వాంటమ్ సంగతి వస్తుంది. ఒక అణువు ఎక్కడుందీ, ఎంత వేగంతో పోతోందీ, ఈ రెండూ ఒకేసారి కచ్చితంగా తేలవు. తేలనప్పుడు అది పక్కదాన్ని సరిగ్గా ఎట్లా గుద్దుతుందో ముందే రాసిపెట్టి ఉండదు. గుద్దు గుద్దుకూ ఆ తేడా పెరుగుతుంది. అంటే మన నల్లా నీటి అల్లరికి మొదలు ప్రకృతి అట్టడుగున ఉన్న ఆ ఎటూ తేలనితనమే! ఇది తట్టిన రోజు నాకు అన్నం సయించలేదు. పుస్తకంలో చదివింది కాదు, ఎవరో చెప్పింది కాదు. నాది.

పరీక్షించడానికి కరీంనగర్ నుంచి పొడవాటి గాజుగొట్టం తెప్పించి లాబ్‌లో బిగించాం. ఒక చివర నీళ్లతొట్టి, గొట్టం మూతిలో సన్నటి సూది, సూదిలోంచి ఎర్రరంగు. నీళ్లు బుద్ధిగా పోతున్నంతసేపూ రంగు ఒక్క దారంలా సాగుతుంది. చెదిరితే దారం తెగి గొట్టమంతా ఎర్రబారుతుంది. బయటి కదలిక తగలకుండా మేం చేయని పని లేదు. ఫ్యాన్లు ఆపాం. కిటికీలు మూశాం. వరండాలో పిల్లల్ని నడవనివ్వలేదు. బల్ల కాళ్ల కింద గనిలో వాడి పడేసిన రబ్బరు కన్వేయర్ బెల్టు ముక్కలు వేశాం. మా దగ్గర ప్రతి గడప ముందూ కాళ్లు తుడుచుకోవడానికి వేసుకునేది ఆ బెల్టే. పొద్దున తొట్టి నింపితే నీళ్లు నిలకడ పడేసరికి మధ్యాహ్నం దాటేది. అప్పుడు మొదలుపెట్టి మెల్లగా వేగం పెంచుతూ పోతే దారం తెగేది. ఒకరోజు తక్కువ వేగానికి, ఒకరోజు ఎక్కువ వేగానికి. ఒక పద్ధతంటూ కనిపించలేదు.

"ఎవ్వలు ముట్టలే. గాలి సుత లేదు. మరెట్ల తెగిందే?" అన్నాడు వేణు.

"లోపటి నుంచే తెగింది" అన్నాను. నా ఆలోచన మొత్తం అప్పుడే వాడికి విప్పి చెప్పాను. వాడు నోరు తెరుచుకుని విన్నాడు.

ఆ తరువాత వేణు రీసెర్చి కోసం హైదరాబాద్ పోయాడు. కొన్నాళ్లకు మా ప్రయోగం మీద రీసెర్చి పేపర్ అచ్చయింది. అందులో ఒక్కటే పేరు. అడుగున చిన్న అక్షరాల్లో గొట్టం బిగించడానికి సాయపడినవారికి కృతజ్ఞతలు ఉన్నాయి. అక్కడ కూడా నా పేరు లేదు. ఫోన్ చేసి కడిగేశాను. వాడు కొంచెం కూడా తొణకలేదు.

"పేపర్ మీద ఎవ్వల పేరుంటె ఐడియా వాళ్లదే సంధ్యా. లోకం గట్లనే నడుస్తది" అన్నాడు.

లోకం సంగతేమో గానీ వాడికి మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. టీవీలో వేణుమాధవ్, కాలేజీ సభల్లో వేణుమాధవ్. నీళ్లకు కూడా తమ ఇష్టం ఉంటుందని వాడు చేతులు తిప్పుతూ చెబుతుంటే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నేను ఇక్కడ ఫస్టియర్ పిల్లలకు వెర్నియర్ స్కేలు చదవడం నేర్పుతూ కూర్చున్నాను. వాడి ఉపన్యాసం ఫోన్‌లో వస్తే కట్టేసేదాన్ని. కట్టేసి మళ్లీ పెట్టుకుని చూసేదాన్ని. నా మాటలు ఎక్కడెక్కడ వాడుకున్నాడో నాకు తెలియాలి కదా.

ఇట్లా ఉండగా ఒకసారి గనుల్లో సమ్మె పడింది. ఆ మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను. అవ్వ నాతో పక్కింటివాళ్ల ముచ్చట చెబుతూ లేచి, స్టీలు గిన్నెల అలమార దగ్గరికి పోయి, పైవరస గ్లాసుల మీద చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. రోజూ చేసే పనే. మా ఇల్లు ఓపెన్‌కాస్టు గనికి దగ్గర. మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో బొగ్గు కోసం బండలు పేల్చే బ్లాస్టింగ్ అవుతుంది, చెయ్యి పెట్టకపోతే గ్లాసులు కింద పడతాయి. అవ్వ అలాగే నిలబడి ముచ్చట కానిచ్చింది. ఎంతకీ ఏమీ కాలేదు. అప్పుడు తన చెయ్యిని తనే వింతగా చూసుకుంది.

"ఏందే, ఇయ్యాల గ్లాసులు మొత్తుకుంటలేవు?" అంది.

సమ్మెలో బ్లాస్టింగ్ లేదు, నేల కదల్లేదు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా కాలేజీకి పరిగెత్తాను. సమ్మె ఉన్నన్నాళ్లూ గొట్టం నడిపి చూశాను. నల్లా పూర్తిగా తిప్పినా ఎర్రదారం తెగలేదు. సమ్మె విరమించిన రోజు మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు ముందు మోగే సైరన్ మోగింది, భూమి ఒక్కసారి ఉలిక్కిపడింది, నా కళ్ల ముందే దారం తెగింది. అప్పట్లో రోజుకో వేగానికి తెగిందంటే, బ్లాస్టింగ్ వేళకు మేం ఎంత వేగం దాకా వస్తే అక్కడ తెగిందన్నమాట.

అప్పట్లో మాకు ఆ చప్పుడు వినపడలేదని కాదు. వినపడేది. లెక్కలోకి రాలేదు, అంతే. మా ఊళ్లో పంతుళ్లు సైరన్ మోగగానే వాక్యం మధ్యలో ఆగుతారు. చప్పుడైపోయాక మిగతా వాక్యం అందుకుంటారు. ఆగినట్టు వాళ్లకే తెలియదు. పసిపిల్లలు కూడా ఉయ్యాలలో కదలరు. ఫ్యాను గాలికి భయపడి ఫ్యాను ఆపిన మేం, రోజూ మా కాళ్ల కింద నేలను కుదిపేదాన్ని బయటి కదలికగా అనుకోనే లేదు. ఇక్కడ పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ ఇంత అందంగా మోసపోరు.

వేణుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు చివరిదాకా విన్నాడు. తరువాత నవ్వాడు.

"ఎవ్వలికి చెప్తవ్ చెప్పు. ఐడియా నీదే అని ఇన్నేండ్లు మొత్తుకున్నవు. గిప్పుడు అదే ఐడియా తప్పు అంటె, ఓర్వలేక అంటున్నవ్ అంటరు. ఊకో ఇగ."

వాడు చెప్పింది నిజం కావడమే నాకు పుండు మీద కారం రాసినట్టయింది. నేను నోరు విప్పితే అది ఏడుపు కింద జమ అవుతుంది. కనుక చెప్పేది నేను కాకూడదు.

ఈ ఏడాది వాడికి పెద్ద పదవి తగిలే సూచన వచ్చింది. హైదరాబాద్‌లో కొత్తగా పెడుతున్న ఒక పరిశోధన కేంద్రానికి డైరెక్టరు. ఎంపిక చేసే కమిటీకి పెద్ద పట్టాభిరామయ్యగారు. విశాఖలో స్థిరపడిన రిటైర్డు సైంటిస్టు, జీవితమంతా సముద్రపు అలల మీద పనిచేసినవారు. మొదటి ప్రయోగం చేసిన గొట్టాన్ని కళ్లారా చూడాలని ఆయన అడిగారట. వేణు మా ప్రిన్సిపాల్‌తో మాట్లాడి, కాలేజీలో తనకు సన్మానం, దానితోపాటు ప్రయోగం ఏర్పాటు చేయించుకున్నాడు. లాబ్ ఇన్‌చార్జిని నేనే కాబట్టి నాకూ ఫోన్ చేశాడు.

"మూడింటికి జర ముందుగాల షురూ చేద్దం. నీకు తెల్సుగద" అన్నాడు. సిగ్గన్నా పడకుండా అన్నాడు. దారం తెంపడానికి వాడికి బ్లాస్టింగ్ కావాలి. "ఇగో, పెద్దసారుకు ముందే చెప్పు, మా దగ్గర చప్పుడైతది, ఫికర్ చెయ్యకుండ్రి అని. సోఫా ఎనుకకు వెయ్యి. నేను డైరెక్టర్ అయినంక నీకు అండ్ల ఏదన్న చిన్న పోస్టు చూస్త."

ఏదన్న చిన్న పోస్టు! నా చేతిలోని ఫోను ఆ రోజు గోడకు తగలకపోవడం దాని అదృష్టం.

"సరే వేణూ" అన్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడు మా ఊళ్లో కాపురం ఉండడు కాబట్టి ఆ పని నేనే చేద్దామనుకున్నాను.

కొత్తగా వచ్చిన అతిథికి మంచినీళ్లిచ్చి బ్లాస్టింగ్ సంగతి చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లకు కూడా చెబుతాం. చెప్పకపోతే పరువు తక్కువ. సన్మానం రోజు పట్టాభిరామయ్యగారు జ్యోతినగర్ గెస్ట్‌హౌస్‌లో భోజనం ముగించుకుని నేరుగా కాలేజీకి వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో గుడ్డసంచీ. ప్రిన్సిపాల్ జగదీశ్వర్ సార్ నన్ను పక్కకు పిలిచారు.

"సారుకు బ్లాస్టింగ్ ముచ్చట చెప్పినవా అమ్మా?"

"చెప్పిన సార్" అన్నాను. పచ్చి అబద్ధం. నాలుక తడబడలేదు.

సోఫా లాబ్ వెనక్కి వేయించాను, వేణు చెప్పినట్టే. గొట్టం పక్కన ఒక కుర్చీ కూడా వేయించాను. దాని ముందు బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టి అంచుదాకా నీళ్లు పోశాను. అటెండర్ సదానందం నసిగాడు.

"సోఫా ఎనుక ఉండంగ గీ కుర్సీ ఎందుకు మేడం?"

"సారుకు దూరం కానరాదట" అన్నాను. ఒకటి ఆడాక రెండోది ఎంత.

పట్టాభిరామయ్యగారు గొట్టం చూడగానే చిన్నపిల్లవాడిలా వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నారు. వేణు చూశాడు. ముఖంలో నవ్వు అట్లాగే ఉంది గానీ కళ్లు మాత్రం నన్ను వెతుక్కున్నాయి.

"సార్, వెనక సోఫాలో సౌకర్యంగా ఉంటుంది."

"ఇక్కడే బావుంది నాయనా. నువ్వు కానియ్యి."

లాబ్ నిండా పిల్లలు, వాళ్లతో వచ్చిన అమ్మానాన్నలు. అందరూ గని కుటుంబాలే. నేను గోడ పక్కన నిలబడ్డాను. వేణు నల్లా తిప్పి ఉపన్యాసం అందుకున్నాడు. గొట్టంలో ఎర్రదారం తిన్నగా సాగుతోంది. తోపులాట, తొట్రుపాటు, ఎటూ తేలనితనం. ఒక్కొక్కటీ నా మాటే. వాటిని వాడి నోటి నుంచి వింటుంటే దొంగ వేసుకొచ్చిన మా ఇంటి చీర చూసినట్టుంది.

"ఇప్పుడు ఈ దారం తెగుతుంది. ఎప్పుడో నేను చెప్పలేను. దేవుడు కూడా చెప్పలేడు. బయటి నుంచి ఏ శక్తీ దాన్ని ముట్టుకోవడం లేదు. తేల్చవలసింది లోపలి..."

సైరన్ మోగింది. వేణు ఆగాడు. వాక్యం మధ్యలో, మా పంతుళ్లందరిలాగే, ఆగానని తనకే తెలియకుండా ఆగాడు. ఒక్క తల కూడా కిటికీవైపు తిరగలేదు. వెనక వరసలో ఒక తల్లి ఒళ్లో పాపను జోకొడుతూనే ఉంది.

ధన్‌మని నేల అదిరింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. స్టీలు గ్లాసు తొణికి బల్ల తడిసింది. ఎర్రదారం తెగి గొట్టమంతా ఎర్రబారింది.

"...లోపలి అణువులే!" అని వాక్యం పూర్తిచేశాడు వేణు.

చప్పట్లు మారుమోగాయి. ఆ చప్పట్ల మధ్య పట్టాభిరామయ్యగారు మాత్రం కుర్చీలోంచి లేచి, రెండు చేతులతో బల్ల పట్టుకుని నిలబడ్డారు. ముఖం పాలిపోయింది.

"భూకంపం! బయటికి నడవండి, పిల్లల్ని ముందు పంపండి!" అని అరిచారు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత లాబ్ అంతా గొల్లుమంది.

"భూకంపం కాదు సార్, బ్లాస్టింగ్! రోజు అయితది" అంది ముందు వరసలో ఒక పిల్ల.

"రోజూనా? ఎన్నింటికి?"

"ఇగో, గీ టైంకే సార్. అటిటుగ."

ఆయన నెమ్మదిగా కూర్చున్నారు. తడిసిన బల్లను చూశారు. గ్లాసును చూశారు. ఇంకా చిన్న చిన్న వలయాలు తిరుగుతున్నాయి అందులో. ఆ తరువాత ఎర్రగా ఉన్న గొట్టాన్ని చూశారు. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"వేణుమాధవ్‌గారూ, మీరు పేపర్లో వేసిన కొలతలు ఈ గదిలో తీసినవేనా?"

"అవును సార్."

"మధ్యాహ్నం పూట?"

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వేణు, మొదట్లో ప్రిన్సిపాల్ సార్ కప్పిన శాలువా సర్దుకున్నాడు. ప్రిన్సిపాల్ సార్ మొదటిసారి ఆ కిటికీ అద్దాలను చూస్తున్నట్టు చూస్తున్నారు. నా లోపల ఏదో పెద్ద మూట దించినట్టయింది. సంతోషం వేసింది. మర్యాదకు దాచుకోను, కడుపు నిండా సంతోషం వేసింది.

"సార్, ఒక విషయం చెప్పాలి" అన్నాడు వేణు. గొంతు మారిపోయింది. వాడి వేలు నావైపు తిరిగింది. "అసలు ఈ వివరణ నాది కాదు. అణువుల సంగతి, క్వాంటమ్ సంగతి, మొత్తం ఈమెది. సంధ్యారాణిది. ఆమె చెబితే నేను నమ్మాను. అంతే నా తప్పు."

లాబ్‌లో అందరి తలలూ నావైపు తిరిగాయి.

పదేళ్లు నేను ఎదురుచూసిన మాట అది. ఎన్ని రాత్రులు కలగన్నానో, నిండు సభలో వాడు లేచి, ఇది సంధ్యారాణిది అంటున్నట్టు. అన్నాడు చివరికి. ఇల్లు కాలిపోయాక తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"నిజమేనా అమ్మా? ఇది మీదా?" అన్నారు పట్టాభిరామయ్యగారు.

అవును అంటే చాలు. తప్పో ఒప్పో నాది నాకు వస్తుంది. కానీ వాడు కూడా ఆ మాట చాటున నక్కి బయటపడతాడు. నమ్మి మోసపోయిన అమాయకుడవుతాడు. నేను వేణు కళ్లలోకి చూశాను. మొట్టమొదటిసారి వాడు నన్ను బతిమాలుతున్నాడు.

"నాది కాదు సార్" అన్నాను. "పేపర్ మీద ఎవరి పేరుంటే ఐడియా వాళ్లదే. లోకం అట్లాగే నడుస్తుంది."

వేణు ముఖంలో ఆ మాట దిగిన చోటు నాకు కనిపించింది. చాలాకాలం కింద తను విసిరిన రాయి అది. గుర్తుపట్టాడు.

సన్మానం అయిందనిపించి జనం వెళ్లిపోయారు. వరండాలో వేణు నన్ను నిలేశాడు.

"నీ పేరు చెప్పిన గదనే. అందరి ముంగట చెప్పిన. నన్ను ముంచి నువ్వేం తేలినవ్?"

"నేను పదేండ్ల సంది మునిగే ఉన్న. నువ్వే కొత్త" అన్నాను.

పట్టాభిరామయ్యగారి సంచీ నేనే కారు దాకా తీసుకుపోయాను. ఆయన వెంటనే ఎక్కలేదు.

"చప్పుడు సంగతి కొత్తవాళ్లకు ముందే చెబుతారటగా. ప్రిన్సిపాల్‌గారు చెప్పారు. నాకు చెప్పలేదే?"

"మర్చిపోయిన సార్."

"ఊఁ" అన్నారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. "అంత చిన్న తోపులాట అంత పెద్ద గొట్టాన్ని కదిలిస్తుందా అని నాకు మొదటి నుంచీ అనుమానమే. అయినా అమ్మా, అది చాలా అందమైన ఆలోచన. తప్పు ఆలోచనల్లో కూడా గొప్పవి ఉంటాయి. ఇక్కడ తేలకపోవచ్చు, ఇంకెక్కడో అలికిడి లేని చోట తేలవచ్చు. ఆ పేపర్ చదివినప్పటి నుంచీ అది పుట్టిన బుర్రతో కలిసి పనిచేయాలని నాకు కోరిక. వేణుమాధవ్‌గారితో రెండు మాటలు మాట్లాడగానే తెలిసింది, ఆ బుర్ర ఆయనది కాదని. ఇంకోసారి అడుగుతున్నాను, మీదేనా?"

వేణు వరండాలో నిలబడి మావైపే చూస్తున్నాడు. అవును అన్న మాట గొంతు దాకా వచ్చింది. అది బయటికి వస్తే, ఇందాక నిండు సభలో చెప్పింది అబద్ధమవుతుంది. వాడు మళ్లీ లేచి నిలబడతాడు.

"కాదు సార్" అన్నాను.

ఆయన తల ఊపి కారెక్కారు. కారు పెద్దపల్లి రోడ్డు ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇంటికి పోయేసరికి అవ్వ అన్నం పెట్టింది. సన్మానం ఎట్లా అయిందని అడిగింది. బాగా అయిందన్నాను. ముద్ద కలిపాను గానీ నోట్లోకి పోలేదు. అప్పుడెప్పుడో ఆ ఆలోచన తట్టిన రోజు కూడా ఇట్లాగే అన్నం సయించలేదు.

"ఏమైందే? కడుపుల నొస్తుందా?" అంది అవ్వ.

"అవునవ్వా" అన్నాను.